ఐదు సబ్జెక్టులు, నాలుగు పలకలు

కూతురికి డిగ్రీలో ఐదు సబ్జెక్టులు మిగిలిపోయాయని తెలిసిన రోజున బంగారరాజు కంగారు పడలేదు. కంగారు పడాలంటే ముందు అవేమిటో తెలియాలి కదా. ఏడో తరగతితో చదువుకి ఒక దణ్ణం పెట్టి చెరువు గట్టెక్కిన మనిషి అతను. పాతికేళ్ళుగా రొయ్యలు పెంచుతున్నాడు. అన్నం ముందు కూర్చుని ఐదు వేళ్ళూ ఓసారి ముడిచి, ఓసారి తెరిచి చూసుకుని, "ఐదే కదమ్మా. నేను ఒకేసారి ఏడు చెరువులు చేసేను," అన్నాడు.

"ఆ ఏడింట్లో నాలుగు పోయేయి," అంది అతని భార్య పైడమ్మ, చారు వడ్డిస్తూ.

"మూడు పండేయి కదా."

"నాకు ఐదుకి ఐదూ పండాలి నాన్నా," అంది లక్ష్మీతులసి.

ఎందుకు పండాలో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అమలాపురంలో బైపాసు పక్కన రొయ్యపిల్లకి రోగముందో లేదో చూసి చెప్పే ల్యాబు ఒకటుంది. తులసి ఆర్నెల్లుగా అక్కడ పని నేర్చుకుంటోంది. రొయ్యపిల్లని నలిపి, మందు కలిపి, మిషన్‌లో పెట్టి, దాని కడుపులో ఏముందో కాగితం మీద చూడటం ఆ పిల్లకి ఎంత నచ్చిందంటే, ఆదివారం సెలవిస్తే ముఖం మాడ్చుకునేది. ల్యాబు యజమాని రామ్మూర్తి గారు జూన్ ముప్పయ్యో తారీకులోగా డిగ్రీ పాసైన కాగితం తెస్తే ఆ కుర్చీ ఆమెదేనన్నారు. తేకపోతే ఇంకొకరిది. యూనివర్సిటీ వాళ్ళేమో పాత సిలబస్ వాళ్ళకి ఈ ఏప్రిల్ పరీక్షలే ఆఖరని నోటీసు పెట్టారు. ఈసారి ఒక్కటి పోయినా మూడేళ్ళ చదువూ పోయినట్టే, కుర్చీతో సహా.

అసలు ఐదు ఎలా మిగిలాయంటే, అదేమంత గొప్ప కథ కాదు. మొదటి ఏడాది తెలుగు పరీక్ష రోజున మూడో చెరువులో రొయ్యల పట్టుబడి పెట్టుకున్నారు. కాటా దగ్గర నమ్మకమైన మనిషి ఉండాలని తండ్రే ఆపాడు. తెలుగే కదా, మనం మాట్లాడేదే, ఎప్పుడైనా రాయొచ్చన్నాడు. కెమిస్ట్రీ నాడు తెల్లారుతూనే కరెంటు పోయింది. మొరాయించే జనరేటరుని లేపడం ఆ ఇంట్లో తులసికొక్కదానికే వచ్చు. కంప్యూటర్ పేపరు నాడు జ్వరం. మానవ విలువలు, వృత్తి నైతికత అని ఇంకో పేపరుంది. అది ఎందుకు తప్పిందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. పిల్లంటే తులసిలా ఉండాలని ఊళ్ళో అందరూ అంటారు. ఆమెలో నూటికి ఇరవై మూడు విలువలే ఉన్నాయని యూనివర్సిటీ తేల్చింది.

ఐదోది ఆక్వాకల్చర్, అంటే చేపలూ రొయ్యలూ పెంచడం. రొయ్యల చెరువు గట్టు మీద నడక నేర్చిన పిల్ల, రొయ్యల పెంపకంలో వరసగా మూడుసార్లు తప్పింది. ఈ సంగతి బయట చెప్పుకోవడానికి మొహం చెల్లక, ఎవరైనా అడిగితే నాలుగే మిగిలాయని చెప్పేవాడు బంగారరాజు.

మర్నాడు పొద్దున్నే అతను మేత కంపెనీ వాళ్ళిచ్చిన గోడ క్యాలెండరు కిందికి దింపి, పెన్సిల్‌తో రోజులు లెక్కపెట్టాడు. పరీక్షలకి సరిగ్గా యాభై రోజులు. యాభై రోజుల పంట అన్నమాట. చిన్నపంటే, అయినా జాగ్రత్తగా చేస్తే గిట్టుబాటవుతుంది అనుకున్నాడు. పంట సంగతి తెలిసిన మనిషి కాబట్టి, పంట ఎలా చెయ్యాలో అలాగే చేద్దామని తీర్మానించాడు. తులసి ల్యాబుకి సెలవు పెట్టింది, కాదనలేదు. ఇంతకుముందు తన పద్ధతిలో చదివి ఏం సాధించిందని కాదంటుంది.

రొయ్యకి మేత ఒక్కసారే కుమ్మరించరు. రోజుకి నాలుగు పూటలు, కొంచెం కొంచెంగా చల్లుతారు. చల్లిన గంటకి చెక్ ట్రే పైకి తీస్తారు. తాడు కట్టి నీళ్ళలోకి దించే జల్లిపళ్ళెం అది. అందులో మేత మిగిలిందంటే రొయ్య తినలేదన్నమాట, తర్వాతి పూట తగ్గించాలి. మిగలకపోతే పెంచాలి. బంగారరాజు అదే లెక్క కూతురికి పెట్టాడు. ఆరింటికి తెలుగు నాలుగు పేజీలు, పదింటికి కెమిస్ట్రీ మూడు పేజీలు, రెండింటికి కంప్యూటరు, అయిదింటికి మానవ విలువలు. చదివిన గంటకి అతను గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఆమె ఎదురుగా మేత బస్తా మీద కూర్చుని చదివిందంతా చెప్పేది. చెప్పలేక నీళ్ళు నమిలిన చోట అతను "మిగులు" అనేవాడు. మిగులు ఎక్కువైతే మర్నాడు పేజీలు తగ్గేవి.

ఈ ఏర్పాటు తులసికి అచ్చొచ్చింది. చదివింది ఇంకొకరికి చెప్తేనే గానీ ఆ పిల్ల తలకెక్కదు. అంతకుముందు తల్లికి చెప్పిచూసింది. పైడమ్మ రెండో నిమిషానికల్లా కునుకు తీసేది. బంగారరాజు నిద్రపోడు, పైగా ఎదురు ప్రశ్నలేస్తాడు. రాసేది ఇంగ్లీషులో అయినా అతనికి తెలుగులో విడమర్చి చెప్పాలి. చెప్పే పనిలో పడి ఆ పిల్లకే సగం అర్థమయ్యేది.

"ఆరు కార్బన్లుంటాయి నాన్నా. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతాయి. దాన్ని బెంజీన్ అంటారు."

"ఎందుకు నిలబడతాయి?"

"అలా నిలబడితేనే వాటికి స్థిమితం."

"అందులో ఒకడు చెయ్యి వదిలేస్తే?"

తులసి పుస్తకం తిరగేసి చూసింది. "అది ఇంకో చాప్టరు."

"అయితే అది మిగులు," అన్నాడు బంగారరాజు.

తెలుగు ఛందస్సు అతనికి తొందరగానే పట్టుబడింది. గురువులూ లఘువులూ ఏరియేటరు చక్రం నీళ్ళని కొట్టే చప్పుడుకి సరిపెట్టుకుని, ఎక్కడ తప్పుతోందో పుస్తకం చూడకుండానే చెప్పేవాడు. చెరువులో పని చేసే దానం ఇదంతా విని విని, మేత చల్లుతూ ఇన్‌పుట్టు, అవుట్‌పుట్టు అని గొణుక్కునేవాడు. వారానికోసారి విసురువల. చెరువులో రొయ్య ఎదుగుదల చూడాలంటే నీళ్ళన్నీ తోడక్కర్లేదు. నాలుగు మూలలా, నడుమ ఒకసారి వల విసిరితే చాలు. అలాగే బంగారరాజు కళ్ళు మూసుకుని పుస్తకంలో అయిదు చోట్ల వేలు పెట్టేవాడు. వేలు పడిన చోటల్లా తులసి జవాబు చెప్పాలి. మొదటి వారం అయిదుకి ఒకటి పడింది. నాలుగో వారానికి నాలుగు పడుతున్నాయి.

మానవ విలువల దగ్గరే తండ్రీకూతుళ్ళకి పడేది కాదు.

"సహానుభూతి అంటే అవతలి మనిషి చోట నిలబడి చూడటం," అంది తులసి.

"ఎవరి చోట?"

"ఎవరైనా సరే. కింద చెరువు గంగబాబు బాబాయి అనుకో."

"ఆయన చోట నేను నిలబడితే నా చెరువు ఎవరు చూస్తారమ్మా?"

"అలా కాదు నాన్నా. మనసులో నిలబడాలి."

బంగారరాజు కాసేపు ఆలోచించి, "ఇది అర్థం కాలేదు. రేపు మళ్ళీ పెట్టు," అన్నాడు. మర్నాడు మళ్ళీ పెట్టింది. మళ్ళీ మిగిలింది.

ఇక ఐదో సబ్జెక్టు. దాని పుస్తకం అసలు తియ్యొద్దన్నాడు. "అది నా చెరువమ్మా. పుస్తకమెందుకు, నేనున్నాను కదా," అన్నాడు. సాయంత్రాలు గట్టు మీద తిరుగుతూ నీళ్ళ రంగు ఎలా చూడాలో, సున్నం ఎప్పుడు వెయ్యాలో, అమావాస్య ముందు మేత ఎందుకు తగ్గించాలో చెప్తూ ఉంటే, తులసి వెనకాలే నడుస్తూ నోటుబుక్కులో రాసుకునేది. ఇందులో కొత్తేమీ లేదు. చిన్నప్పటి నుంచీ ఆ మాటలే వింటోంది. అయినా శ్రద్ధగా రాసుకుంది.

పరీక్షలింక పది రోజులున్నాయనగా ఆమె ఫోనుకి ఒక ఫైలు వచ్చింది. పోయినసారి ఆక్వాకల్చర్ తప్పినప్పుడు, ఎక్కడ తప్పిందో చూసుకుందామని జవాబు పత్రం నకలుకి దరఖాస్తు పెట్టుకుంది. యూనివర్సిటీ వాళ్ళు తీరిగ్గా ఇప్పుడు పంపారు. మోటారు షెడ్డు నీడలో కూర్చుని దాన్ని తెరిచి, ఒకే పేజీని మూడుసార్లు చూసింది. బంగారరాజుకి ఆ చూడటం నచ్చలేదు.

"ఏం రాసేవో చదువు," అన్నాడు.

తులసి తెలుగు చేసి చదివింది. "ప్రశ్న. తెల్లమచ్చ రోగం కనిపించిన చెరువులో రైతు తీసుకోవలసిన చర్యలు రాయండి. పది మార్కులు."

"ఊఁ. జవాబు?"

"మచ్చ కనపడగానే ఎవరికీ చెప్పకూడదు. తెల్లారకముందే తూముకి అడ్డం పెట్టిన నాలుగు పలకలూ తీసేసి నీళ్ళు డ్రైనులోకి వదిలెయ్యాలి. నీళ్ళు తగ్గాక వల లాగి, సంగతి బయటికి పొక్కకముందే రొయ్యని అమ్మెయ్యాలి."

"బాగానే రాసేవు కదా. ఎన్నిచ్చేరు?"

"సున్నా."

"పక్కన ఎర్రగా ఏదో గీసేరు?"

"నాలుగు పలకలూ అన్న మాట కింద గీత గీసేరు. పక్కన ఒక వాక్యం రాసేరు." తులసి ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "ఇది నీకు ఎవరు చెప్పారు, అని."

ఏరియేటర్లు తిరుగుతున్నాయి. బంగారరాజు వాటి వైపు చూశాడు. తక్కిన జవాబులు ఎలా ఉన్నాయని అడిగాడు. అన్నీ ఇలాగే ఉన్నాయంది. నువ్వు చేసినట్టే రాసేను అంది.

"పుస్తకం చదవలేదా అమ్మా?"

"చదివేను. అందులో వేరేగా ఉంది. పుస్తకం తప్పనుకున్నాను."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. దెప్పిపొడిచినట్టు అని ఉంటే బంగారరాజుకి సులువుగా ఉండేది, ఎదురు రెండు మాటలనేవాడు. మూడుసార్లు పరీక్ష పోగొట్టుకున్నా ఈ పిల్లకి తండ్రిని అనుమానించాలని తోచలేదు. అచ్చేసిన పుస్తకాన్నే అనుమానించింది. చుట్ట ముట్టించుకుందామని జేబు తడుముకున్నాడు. చుట్టలు మానేసి రెండేళ్ళయిందని గుర్తొచ్చింది.

"పుస్తకంలో ఏముంది?"

తులసి బ్యాగులోంచి పుస్తకం తీసింది. తూము మూసెయ్యాలి. నీళ్ళు చుక్క కూడా బయటికి పోకూడదు. నీళ్ళు తియ్యకుండానే ఉన్న రొయ్యని పట్టెయ్యాలి. తర్వాత నీళ్ళలో బ్లీచింగ్ కలిపి వారం రోజులు నిలవబెట్టాలి. కింది రైతులకి వెంటనే కబురు చెయ్యాలి.

"నీళ్ళు తియ్యకుండా వల లాగితే సగం రొయ్య అడుగునే ఉండిపోద్ది. ఈ పుస్తకం రాసినాయన చెరువు ఎక్కడుంది?"

"అట్ట మీద ఊరు లేదు నాన్నా."

"చూసేవా మరి," అన్నాడు బంగారరాజు, గెలిచినవాడిలా. గెలిచినట్టు అతనికే అనిపించలేదు.

ఎందుకంటే ఆ నాలుగు పలకలూ అతనికి గుర్తే. మూడేళ్ళ క్రితం రెండో చెరువుకి తెల్లమచ్చ వచ్చింది. చీకటుండగానే తండ్రీకూతుళ్ళు తూము దగ్గరికి వెళ్ళారు. రెండు పలకలు అతను లాగాడు, రెండు ఆమె లాగింది. అప్పుడు తులసి డిగ్రీ మొదటి ఏడాదిలో ఉంది. ఆ నీళ్ళు డ్రైనులో పడ్డాయి. ఆ డ్రైనులోంచే కింద గంగబాబు మోటారు నీళ్ళు తోడుకుంటుంది. అయిదో రోజున గంగబాబు చెరువులు రెండూ పోయాయి. బంగారరాజు స్వయంగా వెళ్ళి, అతని పక్కన కూర్చుని, కాలం బాగోలేదండి అని ఓదార్చి, వాళ్ళింట్లో టీ తాగి వచ్చాడు. ఆ ఏడాదంతా గంగబాబు ఇంకొకరి ఆటో తీసుకుని రాజోలుకీ దిండికీ మధ్య తోలుకున్నాడు. అందరూ చేసే పనే కదా అని బంగారరాజు అప్పుడు అనుకున్నాడు. మూడేళ్ళుగా అలాగే అనుకుంటున్నాడు.

"పరీక్షకి పుస్తకంలో ఉన్నదే రాయమ్మా," అన్నాడు చివరికి.

"మరి చెరువుకి?"

"చెరువు సంగతి నేను చూసుకుంటాను. నీకు పుస్తకం, నాకు చెరువు."

తులసి సరేనంది. నోటుబుక్కు పక్కన పెట్టి ఆ పది రోజులూ ఆక్వాకల్చర్ పుస్తకమే చదివింది. అతనికి చెప్పేటప్పుడు మాత్రం తెల్లమచ్చ పేజీలు వదిలేసి ముందుకెళ్ళేది. అతను గమనించాడు. మిగులు అనలేదు.

పరీక్షలు మొదలయ్యాయి. రాజోలులో సెంటరు. రోజూ బండి మీద దింపడం, పన్నెండింటికి తీసుకురావడం బంగారరాజు పని. గేటు దగ్గర మిగతా తండ్రులు ఎలా రాశావని అడిగేవారు. ఇతను కౌంటు ఎంతని అడిగేవాడు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. తక్కువ తూగితే రొయ్య పెద్దదన్నమాట. తెలుగు నలభై కౌంటంది తులసి. కంప్యూటరు ముప్పై. కెమిస్ట్రీ వంద, చచ్చీ చెడీ అమ్ముడుపోతుంది. మానవ విలువలు యాభై ఉండొచ్చంది. ఇన్ని విలువలు ఎప్పుడు పెరిగాయని పైడమ్మ ఆశ్చర్యపోయింది. ఇక మిగిలింది ఆక్వాకల్చర్ ఒక్కటే.

ఆ రోజు పొద్దున్న ఆరింటికి బంగారరాజు రెండో చెరువు గట్టు మీద నడుస్తుంటే, వారగా నీళ్ళలో రొయ్యలు నాలుగైదు మందకొడిగా తేలుతూ కనిపించాయి. పట్టుకుంటే పారిపోలేదు. ఒకదాని తల మీద పెంకు ఒలిచి సూర్యుడికి అడ్డంగా పెట్టి చూశాడు. తెల్లగా సన్నని చుక్కలు. పెంకు గోకితే పోయే చుక్కలు కావవి. అతను ఆ రొయ్యని చొక్కా జేబులో వేసుకుని, ఎప్పటిలా నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు.

తులసి వసారాలో సిద్ధంగా కూర్చుంది. "ఆఖరు చెక్ ట్రే నాన్నా," అంది.

అతను కూర్చున్నాడు. ఏదడగాలో తోచక, "నీ ఇష్టమమ్మా, ఏదైనా చెప్పు," అన్నాడు. తులసి ఈ పది రోజులూ దాటేసిన పేజీలే అందుకుంది. తూము మూసెయ్యాలి, అంది. నీళ్ళు బయటికి పోకూడదు. బ్లీచింగ్ కలిపి వారం నిలవబెట్టాలి. కింది రైతులకి వెంటనే కబురు చెయ్యాలి. ఎక్కడా తడబడలేదు. బంగారరాజు వింటున్నంతసేపూ జేబు మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. జేబు తడిసి గుండెకి చల్లగా తగులుతోంది.

"ఏమైనా మిగిలిందా?"

"ఏం మిగల్లేదమ్మా. పద, టైమైంది."

ఆమెని సెంటరు దగ్గర దింపి, గేటు లోపలికి వెళ్ళేదాకా నిలబడి, తొమ్మిదింటికి చెరువు దగ్గరికి తిరిగొచ్చాడు. దానం అప్పటికే సంగతి కనిపెట్టాడు. వలలు గట్టు మీదికి చేర్చి, తూము దగ్గర గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు.

"గంగబాబు గారి మోటారు ఇంకా వేయలేదండి. ఇప్పుడే పలకలు లేపేస్తే ఆయన చూసేలోపు సగం నీళ్ళు పోతాయండి," అన్నాడు దానం. అతను చెడ్డవాడు కాదు. పని నేర్పినవాడు ఎలా నేర్పితే అలా చేస్తాడు.

బంగారరాజు తూము మీద కూర్చున్నాడు. పలకలు లేపితే రొయ్య మొత్తం చేతికొస్తుంది. లేపకపోతే సగం బురదలోనే పోతుంది, ఈ పంటకి పడిన కష్టంలో సగం దానితోనే పోతుంది. ఈ లెక్క అతనికి కొట్టిన పిండి. కానీ ఇప్పుడు అక్కడ రాజోలులో ఒక పిల్ల బల్ల ముందు కూర్చుని ఉంది. మూడుసార్లు అతన్ని నమ్మి తప్పింది, నాలుగోసారి అతన్ని కాదని రాయడానికి వెళ్ళింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఈ పలకలు చూస్తుంది. ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడం తలుచుకుంటే అతనికి సిగ్గేసింది. పాతికేళ్ళలో ఒక్క చెరువు పోయినా అంత సిగ్గు వెయ్యలేదు.

"గడ్డపార అక్కడ పెట్టి మట్టి తీసుకురా దానం. పలకల సందులు మెత్తాలి," అన్నాడు.

"మూసెయ్యడమాండీ?"

"ఆయ్. చుక్క కూడా పోకూడదు."

దానం ఎండ దెబ్బేమో అన్నట్టు అతని ముఖంలోకి చూసి, మట్టికి వెళ్ళాడు. బంగారరాజు ఫోను తీసి గంగబాబుకి చేశాడు. మాకు తెల్లమచ్చ తగిలిందండి, మోటారు వెయ్యకండి అని రెండు ముక్కల్లో చెప్పేశాడు. పది నిమిషాల్లో గంగబాబు బండి గట్టు మీద ఆగింది. దిగి, మట్టి మెత్తిన తూముని చూసి, బంగారరాజుని చూశాడు. అతను ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"ఎప్పుడు చూసేరండి అన్నయ్యగారూ?"

"పొద్దున్న ఆరింటికండి."

"ఇప్పుడు తొమ్మిది దాటింది. మూడు గంటలు ఆలోచించేరన్నమాట."

"ఆయ్."

గంగబాబు చెప్పుతో మట్టి బెడ్డ ఒకటి చిదిపాడు. "మూడేళ్ళ క్రితం ఎన్ని గంటలు ఆలోచించేరండి?"

అంటే తెలుసన్నమాట. మూడేళ్ళుగా తెలిసే, పండక్కీ పబ్బానికీ ఎదురుపడి, బాగున్నారాండీ అని అడుగుతూ వచ్చాడు. కాలం మీదా గాలి మీదా తోసెయ్యడానికి బంగారరాజు దగ్గర మాటలున్నాయి. నోటిదాకా వచ్చాయి కూడా.

"ఆలోచించలేదండి," అన్నాడు.

గంగబాబు తలూపాడు. బండెక్కి వెళ్ళిపోయాడు. అరగంటకి మళ్ళీ వచ్చి, బండి మీంచి రెండు బ్లీచింగ్ బస్తాలు దింపి, "తూము చుట్టూ ముందు చల్లండి. వలలు కూడా ఇందులో ముంచకుండా నా వైపు తీసుకురాకండి," అని మళ్ళీ వెళ్ళాడు. ఈసారి బంగారరాజు ముఖం వైపు చూడలేదు. బంగారరాజూ దానమూ మధ్యాహ్నం దాకా చల్లుతూనే ఉన్నారు.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తే సరిపోతుంది. తులసి ఐదూ పాసైంది. కెమిస్ట్రీ బొటాబొటీగా గట్టెక్కింది. ఆక్వాకల్చర్‌లో కాలేజీ మొత్తానికి రెండో మార్కు. జూన్ ఇరవై ఆరున మార్కుల కాగితం పట్టుకెళ్ళి రామ్మూర్తి గారి బల్ల మీద పెట్టింది. అయితే ఆ రోజు ఈ సంగతి ఎవరికీ తెలియదు.

బంగారరాజు రాజోలు చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. గేటు దగ్గర తులసి ఒక్కతే నిలబడి ఉంది. అతను కౌంటు ఎంతని అడగలేదు. ఆమే చెప్పింది.

"తెల్లమచ్చ ప్రశ్న వచ్చింది నాన్నా."

"ఏం రాసేవు?"

"పుస్తకంలో ఉన్నదే రాసేను." పరీక్ష అట్టని గుండెలకి ఆనించి పట్టుకుంది. "కింద ఇంకో ముక్క అడిగేరు. మీకు తెలిసిన రైతు ఒకరిని ఉదాహరణగా చూపమని. దానికి నాలుగు మార్కులు. నాకెవరూ తట్టలేదు. ఒక అబద్ధం రాసేసేను."

"ఏమని?"

"మా నాన్నగారు తూము మూసేసి, కింది రైతుకి కబురు చేస్తారని." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మార్కుల కోసం రాసేను నాన్నా. ఏమనుకోకు."

బంగారరాజు బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. చేతులు మోచేతుల దాకా తెల్లగా పొడిబారి ఉన్నాయి. కడుక్కోవడం మరిచిపోయాడు. తులసి ఆ చేతులు చూసింది. దగ్గరికొచ్చి వాసన చూసింది. ఆర్నెల్లు ల్యాబులో పనిచేసిన పిల్లకి బ్లీచింగ్ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు.

"రెండో చెరువా?"

"రెండోదే."

"ఎప్పుడు చూసేవు?"

"పొద్దున్న. నువ్వు ఒప్పజెప్తుంటే నా జేబులోనే ఉంది."

తులసి వెనక ఎక్కి కూర్చుని, అట్ట ఒళ్ళో పెట్టుకుని, తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. బంగారరాజు బండి స్టార్ట్ చేశాడు.

"పలకలెన్నున్నాయి నాన్నా?" అంది కొంతదూరం పోయాక.

"నాలుగూ ఉన్నాయమ్మా," అన్నాడు.